అరిగిన తొడుగు

పళ్లకు తొడుగులు చేసి డాక్టర్లకు పంపే పనిలోనే పెద్దోడికి జుట్టు నెరిసింది. వేల పళ్లు చేసినా తన చేతిపని తనకు తెలియకపోదు. పోలీసాయన బల్లమీద పెట్టిన పంటి తొడుగును తిప్పి చూశాడు. లోపల తను గీసే చిన్న గీత ఉంది.

"పాత వంతెన కింద ఎముకలు దొరికాయి. తమ్ముడు కనబడట్లేదని మీరిచ్చిన ఫిర్యాదులో ఈ తొడుగు సంగతి ఉంది. మీవాడిదేనా?"

"మావాడిదే సార్."

అది గట్టి పింగాణీది కాదు. పింగాణీది తయారయ్యేదాకా గడవడానికి ప్లాస్టిక్ పొడి కలిపి చేసిన తాత్కాలికపు పన్ను. "మెత్తటిదిరా, ఇట్టే అరిగిపోతుంది. నెల తిరక్కుండా వచ్చి మార్పించుకో" అని తమ్ముడికి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఆ వారమే చిన్నోడు అమ్మతో గొడవపడ్డాడు. "నీ మొహం నాకు చూపించకు" అంది అమ్మ. వాడు గడప దాటిన సాయంత్రమే ఏటికి వరదొచ్చింది.

అప్పట్నుంచీ అమ్మది ఒకటే మాట. "కోపం చల్లారి తిరిగొస్తుంటే ఏరు పొట్టన పెట్టుకుంది. బతికుంటే నా చిన్నోడు రాకుండా ఉంటాడా?" ఆ మాట పట్టుకునే ఇన్నేళ్లూ నాలుగు మెతుకులు తింటోంది.

వారం నమిలిన పన్నైతే కొత్తగా ఉండాలి. దీనికి పైన గుంతలన్నీ చదునైపోయి, నడిమధ్య చిల్లుపడింది. అలా అరగడానికి ఏళ్లు పడుతుంది. ఏళ్ల తరబడి ఎక్కడో తిన్నాడు, ఇంటికి మాత్రం రాలేదు. పెద్దోడికి ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. దుర్మార్గుడు, ఒక్క కబురైనా పంపలేకపోయాడా!

అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. సంతకం పెట్టి తొడుగు తీసుకుని, దారిపొడుగునా అబద్ధాన్ని అతికించుకుంటూ ఇంటికెళ్లాడు. అమ్మ కంచం ముందు కూర్చుని ఉంది.

"దొరికాడమ్మా. నువ్వన్నట్టే, ఆ వరదలోనే..."

"నే చెప్పలా?" అంది అమ్మ. తొడుగును అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో తడిమింది. "పెట్టించుకున్న రోజు నోరు తెరిచి చూపించాడురా. గుంతలూ గట్లూ అచ్చం పన్నులాగే ఉంది. ఇలా లేదే?"

"ఏట్లో రాళ్లకు అరిగిందమ్మా. మెత్తటిది కదా."

అమ్మ దాన్ని తిరగేసింది. చుట్టూ పక్కలన్నీ నున్నగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. నమిలేచోటు చూడటమే అలవాటైన పెద్దోడికి ఆ సంగతి తట్టనేలేదు.

"రాళ్లు పైన ఒక్కచోటే అరగదీస్తాయా నాన్నా?"

అమ్మ తొడుగును పిడికిట్లో బిగించింది.

"ఇన్నేళ్లూ వాడికి ఎవరు పెట్టారో తిండి" అంది మెల్లగా.

కంచం పక్కకు నెట్టేసింది. ఎంత బతిమాలినా ఆ పూట ముద్ద ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు.