బండ బ్యాండులో నా కొలువు

నేను ఒక గిటార్ని. అలాగని డాబా మీద కూర్చుని మెల్లగా మీటుకునే రకాన్ని కాను. నాకు బోలు పొట్ట ఉండదు. ఒళ్లంతా గట్టి చెక్క, అందులో పొదిగిన అయస్కాంతాలు. వైరు తగిలించకపోతే నా గొంతు పక్కగదిలోకి కూడా పోదు. తగిలిస్తే మాత్రం వీధి చివరి పాలకేంద్రం వాళ్లు కూడా బయటికొచ్చి చూస్తారు.

కలకత్తాలో ఒక ఇరుకు కార్ఖానాలో పుట్టాను. నన్ను చేసిన ముసలాయనకు చెవుడు. తీగలు బిగించాక నా మెడను తన పళ్లకు ఆనించుకుని మీటేవాడు. ఎముకల్లోకి పాకిన అదురును బట్టి నేను సరిగా పలుకుతున్నానో లేదో తేల్చుకునేవాడు. ఆయన తల ఊపాకే నాకు ఎర్రరంగు వేశారు.

రైల్లో కాకినాడ చేరి, సోమరాజు చేతిలో పడ్డాను. ఆయనది ఆర్కెస్ట్రా. పెళ్లిళ్లకు, గణపతి పందిళ్లకు, అమ్మవారి జాతరలకు, దర్గా ఉర్సుకు, క్రిస్మస్‌కు వెళ్లేవాళ్లం. దేవుళ్లు మారేవారు గానీ మా పాటలు పెద్దగా మారేవి కావు. ఎక్కడైనా జనం సినిమా పాటే అడిగేవాళ్లు. అదేమిటోగాని, ఏ దేవుడూ ఏమీ అనుకున్నట్టు కనిపించలేదు.

పదిహేనేళ్లకు సోమరాజు ఎడమచేతి వేళ్లు బిగుసుకుపోయాయి. నా మెడ మీది మెట్లను నొక్కలేకపోయాడు. ఒక సందులో వాయిద్యాల రిపేరు కొట్టు పెట్టి నన్ను గోడకు తగిలించాడు. రోజూ దుమ్ము తుడిచేవాడు గానీ మీటేవాడు కాదు. అలా నాలుగేళ్లు గడిచాక హెప్సిబా వచ్చి నన్ను కొనుక్కుంది.

హెప్సిబాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. వాళ్ల నాన్న ప్రకాశరావు మాష్టారు రిటైరయ్యాక జగన్నాథపురంలో ఒక చిన్న చర్చికి గాయకబృందం పెద్ద. పాత కీర్తనలన్నీ ఏ రాగంలో పాడాలో ఆయనకు కంఠతా వచ్చు. హార్మోనియం ముందు కూర్చుంటే ఇక ఎవరు పిలిచినా పలకడు. ఆ ఇంట్లోకి నేను ఎర్రగా మెరుస్తూ వెళ్లాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, భోజనానికి లేచి వెళ్లిపోయాడు.

హెప్సిబాకు ఒక బ్యాండు ఉంది. డ్రమ్స్ మీద నెహెమ్యా. పోర్టులో క్రేన్ నడుపుతాడు. ఆమె అతన్ని అన్నయ్యా అంటుంది, అతను ఆమెను చెల్లెమ్మా అంటాడు. కీబోర్డుకు, బేసుకు చర్చిలోనే ఇద్దరు దొరికారు. బ్యాండు పేరు 'బండ'. బైబిల్లో దేవుణ్ణి బండ అంటారట, ఇంగ్లీషులో బండను రాక్ అంటారట, రెండూ కలిసొచ్చాయని వాళ్లకు మహా సంబరం. ఊళ్లో మాత్రం అందరూ బండ బ్యాండు అని నవ్వుకునేవాళ్లు.

వాళ్ల పాటల గురించి నిజం చెప్పాలి. బాగుండేవి కావు. ప్రతి పాటలో జయం ఉండేది, శత్రువు పారిపోయేవాడు, గొలుసులు తెగేవి. శబ్దాన్ని గరగరలాడించే పెడల్ ఒకటి కొని, మొదటి నుంచి చివరి దాకా కాలు తీయకుండా తొక్కేవాళ్లు. యువజన కూటాల్లో అందరికీ ఇష్టమైన పాటొకటి ఉండేది. వాయిస్తుంటే అది నాకు బాగా తెలిసినట్టు అనిపించి, రెండో చరణానికి గుర్తుపట్టాను. సోమరాజు చేతిలో పెళ్లిళ్లలో వందసార్లు పలికిన సినిమా పాటే. ప్రియతమా అన్నచోట ప్రభువా అని పెట్టారు, అంతే.

వాళ్లను తిట్టేవాళ్లకూ తక్కువ లేదు. ఇది ఆరాధన కాదు, సైతాను గోల అని చర్చి పెద్దలు అనేవారు. ఇవి పాటలు కావు, ప్రసంగాలని కాలేజీ కుర్రాళ్లు అనేవారు. పాట ఎలా ఉందో విన్నవాడు మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. బ్యాండువాళ్ల మీద నాకు జాలే కలిగేది. హెప్సిబా డ్యూటీ నుంచి వచ్చి, చేతులకు స్పిరిట్ వాసన పోకముందే నన్ను ఒళ్లోకి తీసుకునేది. వేళ్లు కాయలు కాచేదాకా సాధన చేసేది. ఇష్టం లేని మనిషి అంత కష్టపడదు.

తీగలు మార్పించడానికి ఒకరోజు నన్ను సోమరాజు కొట్టుకు తీసుకెళ్లింది. పనయ్యాక ఒక పాట వాయించి, ఎలా ఉందండీ అని అడిగింది. ఆయన మొహమాటపడ్డాడు. మళ్లీ అడిగింది. ఆ పెడల్ అంతసేపు తొక్కక్కర్లేదమ్మా అన్నాడు. దానికి ఆమె, దేవుడు ఎంత గొప్పవాడో ఆ పాటలో చెప్పామండీ, అది మీకు తెలియలేదా అని అడిగింది.

సోమరాజు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు.

"ఏవమ్మా, పాట బాగుందా అంటే దేవుడు మంచోడంటారేంటి? నేను పాట సంగతే కదా చెప్తున్నాను. ఆయన మంచోడే అవ్వచ్చు. ఆయన్ని అడ్డం పెట్టుకుని మీరు బద్ధకిస్తున్నారు."

ఆమె మొహం ఎర్రబడింది. నన్ను సంచీలో పెట్టుకుని వచ్చేసింది. వారం రోజులు ముట్టుకోలేదు. నమ్మకం లేనివాడికి ఏం తెలుస్తుందని నాన్నతో అంది. ప్రకాశరావు మాష్టారు హార్మోనియం వెనక గాలి కొట్టే బెల్లోస్ సరిచేసుకుంటూ, నమ్మకం ఉన్న నాకూ అలాగే అనిపించిందమ్మా అన్నాడు.

ఆ వానాకాలంలో నెహెమ్యాకు, అతని భార్య రూతుకు ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకుండానే పుట్టింది. పదకొండు రోజులు బతికింది.

సమాధి కార్యక్రమానికి చర్చి అంతా వెళ్లింది. తోచిన ఓదార్పు మాటలు తలా ఒకటి చెప్పారు. దేవుని తోటలో పువ్వు తక్కువై తీసుకెళ్లాడని ఒకరు, స్తుతించడం మానొద్దని ఒకరు. ఎవరూ చెడ్డ మనసుతో అనలేదు. నెహెమ్యా అందరికీ చేతులు జోడించాడు. ఆ తర్వాత రిహార్సల్‌కు రావడం మానేశాడు, ఆదివారం చర్చికి కూడా.

నెల గడిచాక ఒక సాయంత్రం హెప్సిబా నన్ను భుజాన వేసుకుని వాళ్లింటికి వెళ్లింది. రేకుల ఇల్లు. దూలం నుంచి ఒక తాడు వేలాడుతోంది. ఉయ్యాల కట్టడానికని పురుడుకు ముందే వేసిన తాడు అది. చీర మాత్రం ఎవరో తీసేశారు. దాని కిందనుంచి నడవకుండా రూతు పక్కకు తప్పుకుని వెళ్లి టీ పెట్టుకొచ్చింది. హెప్సిబా ఆ తాడును చూసి చూపు తిప్పుకుంది.

ఆదివారం రమ్మని, డ్రమ్స్ దగ్గర కూర్చుంటే మనసు కాస్త తేలికపడుతుందని ఆమె చెప్పింది. నెహెమ్యా గ్లాసు కింద పెట్టాడు.

"మనం పాడేయన్నీ గెలిచినోళ్ల పాటలే చెల్లెమ్మా. నేను కూర్చోడానికి వాటిలో చోటెక్కడుంది?"

హెప్సిబా లేచి నన్ను భుజాన వేసుకుంది. టీ అలాగే చల్లారిపోయింది. ఇంటికొచ్చాక వైరు తగిలించకుండా నన్ను ఒళ్లో పెట్టుకుని కాగితం, పెన్ను తీసింది. తర్వాత నాలుగు వారాలు ఒక్క పాట మీదే పనిచేసింది. రాసేది, కొట్టేసేది. జయం అన్న మాట ఒకసారి అలవాటుగా వచ్చేసింది. దాన్ని కాగితం చిరిగేంత గట్టిగా గీకేసింది. చివరికి నిలిచిన మాటలు ఇవి:

ఉయ్యాల తాడింకా దూలానికే ఉంది
విప్పమని ఎవరికీ చెప్పలేకున్నాను
నీకు చెబుతున్నాను, వింటున్నావా

ఇలాంటివి మూడు చరణాలు. మొదటి రెంటిలో నేను దాదాపు మౌనంగా ఉంటాను, ఒకే తీగ మీద వేలు కదులుతుంది. మూడో చరణం అయ్యాక మాటలు అయిపోతాయి. అప్పుడు పెడల్ పడుతుంది. ఆ గరగర నాకు అంతకుముందు ఎన్నడూ అర్థం కాలేదు. మనిషి గొంతు పూడుకుపోయాక వచ్చే శబ్దం అదేనని ఆ పాటతోనే తెలిసింది.

పాటను మొదట నెహెమ్యాకే, వాళ్లింటికి వెళ్లి వినిపించింది. గోడకు ఆనుకుని నిలబడ్డ రూతు లోపలికి వెళ్లి, ఒక గుడ్డ తెచ్చి, మూలన పెట్టిన అతని డ్రమ్స్ మీద పేరుకున్న దుమ్ము తుడవడం మొదలుపెట్టింది.

డిసెంబరు మొదట్లో కన్వెన్షన్, అంటే చర్చి ఏటా జరిపే సభలు. మధ్యాహ్నం యువజన కూటంలో బండ బ్యాండుకు ఒక పాట ఇచ్చారు. పాటలు చూసి ఒప్పుకోవలసింది ప్రకాశరావు మాష్టారే. కూతురు రాసిన కాగితాన్ని ఆయన రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. పాట మంచిదే, కానీ ఇలా ఆపకూడదన్నాడు. నలభై ఏళ్లుగా ఊళ్లో ఎన్నో సమాధుల దగ్గర పాడినవాడు ఆయన.

"ఏడ్చేవాళ్లని ఏడుపు దగ్గరే వదిలేసి రాకూడదు తల్లీ. చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపించాలి. నిరీక్షణ మీద, రేపటి ఆశ మీద ఒక చరణం ఉండాలి."

"అన్నయ్య ఇంకా అక్కడిదాకా రాలేదు నాన్నా. మనిషికంటే ముందు పాట వెళ్లిపోతే ఎలా?"

ఆయన వాదించలేదు. మర్నాటికి నాలుగో చరణం తానే రాసి తెచ్చాడు. నిజానికి అదీ బాగుంది. పాత కీర్తనల చాయలో, మెత్తటి మాటలతో, తెల్లవారే ముందు పిట్ట కూయడం గురించి. అక్కడికి రాగానే గిటార్ ఆపమని, హార్మోనియంతో తానే అందుకుంటానని చెప్పాడు. ఆమె కాదనలేదు, ఔననీ అనలేదు. కాగితం మడిచి నా సంచీ జేబులో పెట్టింది.

కన్వెన్షన్ రోజు పందిరి కింద ఎండ తెరలు తెరలుగా పడుతోంది. భోజనాలయ్యాయి కాబట్టి సగం మంది కునుకులో ఉన్నారు. వేదికకు ఎడమవైపు మాష్టారు హార్మోనియంతో సిద్ధంగా ఉన్నాడు. స్పీకర్లు సరిచేయడానికి పిలిపించిన సోమరాజు వెనక స్తంభం దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. రూతు ఆడవాళ్ల వైపు, చివరి వరసలో ఉంది.

హెప్సిబా మొదలుపెట్టింది. ఉయ్యాల తాడు దగ్గరికి రాగానే కబుర్లు చెప్పుకుంటున్నవాళ్లు ఆపేశారు. రెండో చరణంలో ఆమె కంగారుపడి కొంచెం తొందరపడింది, నెహెమ్యా డ్రమ్స్ మీది తాళంతో ఆమెను పట్టి నిలబెట్టాడు. మూడో చరణం. 'వింటున్నావా' అని ఆఖరిసారి అడిగింది. పెడల్ మీద కాలు పడింది. నేను అరిచాను. నెహెమ్యా డ్రమ్స్‌ను కొట్టిన తీరు చూస్తే అతనికి ఎదురుగా జనం లేనట్టే ఉంది. ఒకచోట అతని చేతిలోని కర్ర విరిగింది. రెండో కర్రతోనే చివరిదాకా కొట్టి, కొట్టి, ఆగాడు.

ఇక నాలుగో చరణం రావాలి. హెప్సిబా నాన్న వైపు చూసింది. ఆయన ఒక చేయి బెల్లోస్ మీద, ఒక చేయి మెట్ల మీద పెట్టుకుని ఉన్నాడు. నెహెమ్యా తల వంచుకుని ఉన్నాడు, భుజాలు అదురుతున్నాయి. మాష్టారు అతన్ని చూశాడు. తర్వాత హార్మోనియం బెల్లోస్ మూసి, పక్కనున్న కొక్కెం పెట్టేశాడు.

ఎవరూ ఆమేన్ అనలేదు. చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్ల వైపు ఎవరో ముక్కు చీదిన శబ్దం ఒక్కటే వినబడింది. పాస్టరుగారు లేచి ప్రార్థన చేద్దామన్నాడు.

మర్నాడు కమిటీ కూర్చుంది. దేవుడి మీద అనుమానాన్ని పెంచే పాటలు యౌవనస్థులకు తగవని తీర్మానించింది. మళ్లీ ఆ చర్చి కన్వెన్షన్‌కు బండ బ్యాండును పిలవలేదు. మాష్టారు గాయకబృందం పెద్దరికం వదులుకోలేదు, అలాగని తీర్మానం మీద సంతకమూ పెట్టలేదు. కానీ ఆ వారంలోనే ఎక్కడెక్కడి వాళ్లో హెప్సిబా పనిచేసే ల్యాబుకు వచ్చి, పరీక్షలేమీ చేయించుకోకుండా, ఆ పాట రాసిస్తారా అని అడిగి వెళ్లారు. ఎక్కువమంది తల్లులే.

సోమరాజు కూడా వచ్చాడు. ఇంటికే వచ్చాడు. పాట బాగుందని అనలేదు. కుర్చీ చివర కూర్చుని, రెండో చరణంలో తొందరపడ్డావమ్మా అన్నాడు. ఆమె తల ఊపింది.

"మూడోదాంట్లో, మాట ఆగినచోట ఒక పట్టు పట్టావు. అదేంటో నాకు అందలేదు. ఒకసారి చూపించు."

ఆమె నన్ను ఆయన చేతికిచ్చింది. బిగుసుకున్న వేళ్లను ఒక్కొక్కటే కుడిచేత్తో పట్టి నా మెట్ల మీద అమర్చుకున్నాడు. మొదటిసారి పలకలేదు. రెండోసారి సగం పలికింది. ఐదేళ్లలో ఆయన నన్ను వాయించడం అదే మొదటిసారి. దేవుడి గురించి వాళ్లిద్దరూ ఆ రోజు ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

తర్వాత బండ బ్యాండు వేరే ఊళ్లలో పాడింది. మంచి పాటలు ఇంకో నాలుగైదు వచ్చాయి. చెత్తవీ వచ్చాయి. ఆ సినిమా ట్యూను మాత్రం మళ్లీ వాయించలేదు. హెప్సిబాకు విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది, కొత్త గిటార్ కొనుక్కుంది. వెళ్లేముందు నన్ను ఎవరికి ఇవ్వాలా అని ఆలోచిస్తుంటే రూతు వచ్చి, నాకివ్వు అంది. ఆమెకు సంగీతం రాదు. ఆ ఒక్క పాటకు కావలసిన నాలుగు పట్లు మాత్రం ఆరు నెలలు కూర్చుని నేర్చుకుంది.

ఇప్పుడు నేను ముసలిదాన్ని. మెట్లు అరిగాయి, ఒక తీగ ఎప్పుడూ శృతి తప్పుతుంది. రూతు దగ్గర పెద్ద స్పీకరు లేదు కాబట్టి వైరు లేకుండానే వాయిస్తుంది. నా గొంతు దోమ రొదకు కాస్త ఎక్కువ, ఈగ రొదకు కాస్త తక్కువ.

మొన్న ఆమె నన్ను తీసుకుని పక్కవీధిలో వరహాలు ఇంటికి వెళ్లింది. వరహాలు చేపలు అమ్ముతుంది. చర్చి మనిషి కాదు. గూట్లో అమ్మవారి పటం, దాని ముందు పసుపు కుంకాలు. పెళ్లికెదిగిన కూతురు జ్వరంతో పోయి ఇరవై రోజులైంది. రూతు ప్రార్థన చేయలేదు, బైబిల్ వాక్యం చెప్పలేదు. చాప మీద ఆమె పక్కన కూర్చుని, పాట పాడింది. మూడో చరణంలో పట్టు సరిగా పడక తీగ బరబరమంది.

వరహాలు కొంగుతో కళ్లు తుడుచుకుని, నా వంక చూసింది.

"ఇంకోపాలి పాడమ్మా," అంది.

రూతు శృతి తప్పిన తీగను బిగించి, మళ్లీ మొదలుపెట్టింది.