టేపు మీద పిల్లిబొమ్మ

నాకు అన్నిటికన్నా భయం ఒక్కటే, ఇవాళ సాయంత్రంలోగా మా ఆయన ఆపరేషన్లకి మత్తిచ్చే కోర్సుకే సరే అనేస్తాడేమోనని, అనేస్తే ఇక పిల్లల వార్డు గడప తొక్కడు, నర్సింగులో చేరిన నాటి నుంచీ పిల్లల ఐసీయూ పై చదువు చదవాలని కలవరించిన మనిషి, తీరా రెండు సీట్లూ వచ్చి ఒళ్లో పడితే, మత్తే నయంలే, పడుకున్నవాళ్లు ఏమీ అడగరు అంటాడు, ఇదేం మాటో, బట్టల బకెట్లో నురగ పొంగిపోతోంది, సబ్బు ఎక్కువేశాను, కోపమొస్తే నా చెయ్యి నా మాట వినదు.

అత్తయ్యేమో, నిద్రపుచ్చడానికి పై చదువెందుకురా, నీ కూతుర్ని నిద్రపుచ్చు, అదే పెద్ద పరీక్ష అని నవ్వుతుంది, ఆయనా నవ్వుతాడు, ఆ నవ్వు మూతి దాటి కళ్లదాకా రాదు, నేనేమో, గోడమీద పిల్లిలా ఇంకెన్నాళ్లు, ఏదో ఒకటి తేల్చండి అని అరుస్తాను, అరిచి నాలిక కరుచుకుంటాను, తొమ్మిదిలో బడి మానేసినదాన్ని, చెప్తే నీకు తెలీదులే అంటాడు, ఊరుకుంటే నీకు పట్టదులే అంటాడు, ముందు నుయ్యి వెనక గొయ్యి, నిన్న మరీనూ, పాపను నానా తంటాలు పడి జోకొట్టానా, డ్యూటీ దిగి వస్తూనే దాని ముక్కు కింద వేలు పెట్టాడు, అది ఉలిక్కిపడి లేచి ఒకటే ఏడుపు, మీకేమన్నా పిచ్చా అని కసిరాను, ఊపిరాడుతోందా అని చూశానే అన్నాడు.

ఆయన చొక్కా జేబులో ఇదేమిటి గుండ్రంగా, టేపుచుట్ట, సూది గుచ్చాక పిల్లల చేతులకి అంటించే తెల్ల టేపు, ఏడుపు మానాలని దానిమీద పెన్నుతో పిల్లిబొమ్మ గీసేవాడు, మా పాపా రోజూ చెయ్యి చాపేది, నాన్నా మ్యావ్ అని, వారం నుంచీ టేపు అయిపోయింది తల్లీ అంటున్నాడు, అయిపోలేదే, ఇదిగో, నిండుగా ఉంది, కొసన సగం చిరిగిన ముక్క, దానిమీద రెండు చెవులు, ముఖం లేదు, ఎవరి చేతికోసం గీస్తూ ఆగిపోయాడో, మొన్న ఫోన్లో హెడ్ నర్సమ్మ ఏమంది, నాలుగో బెడ్డు పాప పోయాక మీ ఆయన అన్నం దగ్గర కూర్చోవట్లేదమ్మా అంది, నేనేమన్నాను, ఇంతకీ ఏ సీటు మంచిదండీ అన్నాను, నా నోరు పడిపోనూ, పడుకున్నవాళ్లు ఏమీ అడగరు అన్నాడే, మరి ఆ పాప ఏమడిగిందో, ఈయన ఏం చెప్పలేకపోయాడో.

ఏ సీటని ఇంటిల్లిపాదీ అడిగాం, ఎలా ఉన్నావని ఒక్కరమూ అడగలేదు, తడి చేత్తోనే ఫోన్ చేస్తున్నాను, ఎత్తడు, డ్యూటీలో ఫోన్లు అలమరలో పెట్టేస్తారు, మీలో ఎవరైనా ఆ పిల్లల వార్డు వైపు వెళ్తే, మందుల గది పక్కన నిలబడి ఉంటాడు, టేపు లేని జేబు తడుముకుంటూ, సీటు సంగతి ఎత్తకండి, ఎలా ఉన్నాడో ఒక్కసారి చూసి రండి.