బావిలో చెప్పుపూలు

పావగడ పక్క తిరుమణిలో కాటప్ప ఇంటికి మూడు వైపులా సోలార్ ప్లాంటు కంచె, నాలుగో వైపు దారి. చేలన్నీ కంపెనీకి లీజుకిచ్చినా ఇంటినీ, ఇంటి పక్కనున్న దిగుడుబావినీ మాత్రం కాటప్ప ఇవ్వలేదు. ఎండిన బావిని పెట్టుకుని ఏం చేస్తావని ఊరంతా నవ్వింది. ఆ ఎండిన బావిలోనే అతని కొడుకు కృష్ణకుమార్ పూలు పెంచాడు.

కృష్ణకుమార్ బెంగళూరు దగ్గర ఒక ఆర్కిడ్ల నర్సరీలో సగం వయసు గడిపాడు. అక్కడ అతనికి మనసు తగులుకున్నది ఒక్క జాతికే. దాని కింది రేకు ముందువైపు మూసిన చెప్పులా ఉంటుంది. నర్సరీలో స్లిప్పర్ ఆర్కిడ్ అనేవారు, తిరుమణిలో చెప్పుపూలన్నారు. యజమాని ఆ స్థలాన్ని అపార్ట్‌మెంట్లకు అమ్మి వెళ్లిపోతూ కృష్ణకుమార్ చేతిలో రెండు ముసలి మొక్కలు పెట్టాడు. వాటిని ఒళ్లో పెట్టుకుని బస్సులో ఊరికొచ్చాడు. పావగడ ఎండకు అవి వారం బతకవు. చల్లదనం, తేమ, నీడ, ఈ మూడూ ఒక్కచోట దొరికింది ఆ బావి అడుగునే. పైన నెట్టు కప్పి, మెట్ల మీద కుండీలు పేర్చాడు.

ఆ రెంటిలో ఒకదాని పూవు అరచేయంత, కానీ పక్కరేకులు వెనక్కి మెలిపడేవి. రెండోది చిన్నది, అయితే పైరేకు పళ్లెంలా గుండ్రంగా, ముడత లేకుండా నిలబడేది. దాని పెద్దతనం, దీని తీరు ఒక్క పూవులో చూడాలని అతని పంతం. పుల్లతో పుప్పొడి తీసి అంటించాడు. కాయ ముదిరాక, ధూళిలాంటి ఆ గింజల్ని పాత నర్సరీ స్నేహితుడు ప్రకాశ్ ల్యాబులో సీసాల్లో మొలిపించాడు. మొలక పూవయ్యేదాకా ఆరేడేళ్లు. పూసినవి పూసినట్టే ఉసూరుమనిపించాయి. మెలికా, చిన్నతనమూ రెండూ కలిపి పుట్టినవే ఎక్కువ. వాటిని పీకి పారేశాడు.

వేసవిలో రోజుకు మూడుసార్లు దిగి నీళ్లు చిలకరించాలి. పెళ్లికి పోయినా చావుకు పోయినా మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చేవాడు. భార్య మంజుశ్రీ సోలార్ ప్లాంటులో ప్యానెళ్లు కడిగే పనికి పోయేది. కూతురు రక్షితను పావగడలో హైస్కూల్లో చేర్పించి, అక్కడే ఇల్లు తీసుకోవాలని ఆమె ఆశ.

"ఈ మొక్కొకటి పూసేది ఉండాది. అది విచ్చుతానే పోదాం" అనేవాడు.

"పోయినేడూ ఇదే చెప్తివి కదప్పా" అనేది మంజుశ్రీ.

ఆ మొక్కకు మొగ్గ కనిపించిన నెలలోనే వానలు పట్టుకున్నాయి. అంత వాన ఆ ఊళ్లో పిల్లలెవరూ చూసెరుగరు. నాగలమడిక దగ్గర పినాకిని పారుతోందని జనం బైకులేసుకుని చూడటానికి పోయారు. తెల్లారి కృష్ణకుమార్ బావిలోకి దిగితే అడుగు మెట్టు కనబడలేదు. బండల సందుల్లోంచి ఊట చప్పుడు లేకుండా పైకి వస్తోంది. కింది వరస కుండీలు అప్పటికే నీళ్లలో తేలుతున్నాయి.

అతను పరుగున పోయి పక్కింటి మోటారు అడిగి తెచ్చాడు. పైపు దించబోతుంటే కాటప్ప టెంకాయ, పసుపు పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఏందిరా అది?"

"నీళ్లు తోడేస్తా నాయనా. మొక్కలు మునిగిపోతాండాయి."

"గంగమ్మ ఇన్నేండ్లకి ఇల్లు చేరితే తోడి పారబోస్తావా? ఈ ఊట కోసం నేను ఎక్కని గుట్ట లేదు, మొక్కని దేవుడు లేడు."

"వచ్చి ఏం లాభం? ఈ నీళ్లు యాడ పారిస్తావు? మడి ఉండాదా మనకి?"

అన్నాక గానీ కృష్ణకుమార్‌కు తానేమన్నాడో తెలియలేదు. కాటప్ప కంచె వైపు చూశాడు. ఒకప్పటి తన వేరుశనగ చేను మీద వాననీళ్లతో ప్యానెళ్లు మెరుస్తున్నాయి. ముసలాయన టెంకాయ గట్టు మీద పెట్టి, అక్కడే చతికిలబడ్డాడు.

కృష్ణకుమార్ మోటారు పక్కన పెట్టేశాడు. మంజుశ్రీ కొంగు దోపుకుని మెట్లు దిగింది. ఆమె అందిస్తే అతను, అతను అందిస్తే రక్షిత, అలా కుండీలు పైకి చేర్చారు. సగం మొక్కలకు వేళ్లు కుళ్లిపోయాయి. మొగ్గ ఉన్నది బతికింది.

అది వంటింటి కిటికీలో విచ్చుకుంది. మొదటి రోజు పైరేకు ముసుగేసుకున్నట్టు ముందుకు వంగి ఉంది. మెల్లగా లేచి నిటారై, వారానికి పళ్లెంలా పరుచుకుంది. పక్కరేకులు మెలిక లేకుండా అడ్డంగా చాచుకున్నాయి. పూవు అరచేతిని మించింది. కృష్ణకుమార్ దాని ముందు పీట వేసుకుని కూర్చుండిపోయాడు. ప్రకాశ్‌కు ఫోటో పంపితే, "ఇట్లాంటిది నేను చూడలేదప్పా" అని ఫోన్ చేశాడు.

"ఇంక పోదామా?" అంది మంజుశ్రీ.

"బడి తెరవనీ" అన్నాడు.

ఆమె సంతోషంగా పనికి పోయింది. అతను మాత్రం పూవునే చూస్తూ ఉండిపోయాడు. చెప్పు రంగు ఒక్కటే కొంచెం పాలిపోయినట్టుంది. ఆ రంగు దిద్దితే చాలు. అదే కాయ గింజల్లోంచి వచ్చిన అక్కమొక్క ఒకటి ముదురు ఎరుపుగా పూసి ఉంది. చెయ్యి దానంతట అదే పుల్లను వెతికింది.

నీళ్లు సగం బావి దాకా వచ్చి నిలిచాయి. పైమెట్ల మీద మునుపటికంటే మంచి తేమ. మిగిలిన కుండీలన్నీ అక్కడికి చేర్చాడు. కాటప్పే రోజూ బిందెతో నీళ్లు చేది ఇచ్చేవాడు. "మడి లేకపాయె, ఇంక దేనికి పోసేది" అనేవాడు.

వేసవిలో ఒక పొద్దున మంజుశ్రీ తనే బావి మెట్లు దిగింది. పూవు ఎప్పుడో రాలిపోయింది. దాని వెనక తొడిమ వేలంత లావై, పచ్చగా నిక్కబొడుచుకుని ఉంది. ఇన్నేళ్ల కాపురంలో అది కొత్త కాయని ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"మల్లా ఆరేడేండ్లా?" అంది.

పక్క కుండీ దగ్గరున్న అతను నీళ్లు చిలకరిస్తూనే ఉన్నాడు.

"నాకేమన్నా చెప్తివా నువ్వు?"

"చేసేటప్పుడు నాకే తెలీలేదు మంజూ."

బడి తెరిచే ముందు ఆమె పావగడ బజారు వెనక ఒక గది చూసుకుంది. పనికి అక్కడి నుంచే బస్సులో వస్తానంది. పోట్లాడలేదు, రమ్మని పిలవలేదు. రక్షిత బ్యాగు బస్సెక్కిస్తూ కృష్ణకుమార్, "ఆదివారం వస్తాను" అన్నాడు. ఆ ఆదివారం పోయి మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చాడు. తర్వాత వానలు ముఖం చాటేసి ఎండలు మళ్లీ ముదిరాయి, బావి విడవలేకపోయాడు.

ఒక సాయంత్రం ఆమె ఫోన్ చేసింది.

"వస్తాండావా ఈ వారం?"

"ఈ కాయొకటి ముదరనీ."

"సరే" అంది మంజుశ్రీ. ఇంకేమైనా అంటుందేమోనని అతను ఫోన్ చెవికే ఆనించుకుని ఆగాడు. ఆమె పెట్టేసింది. మునుపటిలా దెప్పి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.