యాభై రెండు ముఖాల వేడి

నేను ఒక చిన్న ఫ్యాన్‌ని. ల్యాప్‌టాప్ కడుపులో, ప్రాసెసర్ పక్కన నా చోటు. లెక్కలన్నీ అతడు వేస్తాడు. ఆ శ్రమలో పుట్టే వేడిని నేను బయటికి ఊదేస్తాను. జ్వరం అతడిది, మూలుగు నాది. మనుషులు మాత్రం మూలిగేవాడికే రోగమనుకుంటారు.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో నన్ను బిగించి, ఒక్కసారి తిప్పి చూసి, పెట్టెలో పడుకోబెట్టారు. మొదటి యజమాని కాకినాడలో ఒక గుమాస్తా. రోజుకు రెండు ఉత్తరాలు టైపు చేసేవాడు. ఆయన దగ్గర నేను తిరిగానో లేదో నాకే గుర్తులేదు. సుఖమే కానీ, ఎవరికీ అక్కరలేనివాడి సుఖం.

తర్వాత తునిలో నూకరత్నం చేతికొచ్చాను. కొత్తగా ఫ్లెక్సీల దుకాణం తెరిచిన మనిషి. దసరాకి ఆయుధపూజ చేసి, నా గాలి రంధ్రాలన్నిటికీ పసుపు అద్ది, కుంకుమ బొట్లు పెట్టింది. అంత ప్రేమ నాకెవరూ చూపలేదు. ఆ ప్రేమకే ఊపిరాడలేదు.

మూడు వారాలకు పెద్ద పని తగిలింది. ఊరి కబడ్డీ అమ్మాయిలు రాష్ట్రపోటీల్లో గెలిచి సాయంత్రం రైలుకు వస్తున్నారు. స్టేషన్ ముందు నలభై అడుగుల ఫ్లెక్సీ కట్టాలి. ఇది తప్పితే ఇక ఊరంతా ఎదురు దుకాణానికే. ఆడినవాళ్లు పన్నెండుమంది, అభినందించే పెద్దలు నలభైమంది. ఒక్కో ఫోటో చేరేకొద్దీ ప్రాసెసర్ కాగిపోయాడు. నేను గొంతు చించుకున్నాను. పదకొండింటికి ల్యాప్‌టాప్ ఆగిపోయింది. పన్నెండింటికి మళ్లీ.

నూకరత్నం దాన్ని చంకన పెట్టుకుని మెకానిక్ గౌస్ దగ్గరికి పరుగెత్తింది.

"ఫ్యాను పాడైంది తమ్ముడూ, ఒకటే గోల."

గౌస్ విప్పి చూసి పకపకా నవ్వాడు. "ఇది ల్యాప్‌టాపా అక్కా, పులిహోరా? ఫ్యాను బంగారంలా ఉంది. నువ్వే దాని ముక్కు మూసేశావు!"

"పూజ చేశాను కదా!"

"ఆ పూజేదో మూతకి చెయ్యాల్సింది."

బ్రష్షుతో పసుపంతా దులిపాడు. ప్రాసెసర్ మీద వేడిని లాగే కొత్త పేస్టు రాశాడు. "అయినా ఇన్ని మొహాలు మొయ్యలేదక్కా. బరువు దించు."

రెండున్నర. మూడింటికి ప్రింటుకు పంపాలి. నూకరత్నం తెర వైపు చూసింది. పైన పెద్దలు గుమ్మడికాయలంత, అడుగున అమ్మాయిలు ఆవగింజలంత. వేలు ఒక్క క్షణం తటపటాయించింది. ఒక పెద్దాయన మాయమయ్యాడు. తర్వాత ఇంకొకాయన. ఒక్కో మీసం పోయేకొద్దీ నా పరుగు తగ్గింది. చివరికి పని అప్పగించిన కబడ్డీ సంఘం అధ్యక్షుడే మిగిలాడు. ఆమె కళ్లు మూసుకుని ఆయన్నీ తీసేసింది. అమ్మాయిలను లాగి తెర నిండా నింపింది.

సాయంత్రం అధ్యక్షుడి ఫోన్. "నా ఫోటో ఏదమ్మా?"

"మిమ్మల్ని పెడితే మిషను వేడెక్కిపోతందండీ."

ఆయన ఏమన్నాడో వినపడలేదు. మెడల్లో పతకాలతో పన్నెండుమందీ దుకాణంలోకి దూసుకొచ్చారు.

"అక్కా, అంత పెద్ద మొహం నాదేనా? మొటిమ కూడా పడింది!"

"మా ఇంటి గోడకి ఇంకోటి తియ్యక్కా!"

"ముందు నాకు!"

నూకరత్నం ఫోన్ పక్కన పెట్టేసి ల్యాప్‌టాప్ తెరిచింది. పన్నెండు తలలు తెర మీదికి వంగాయి. నేను తిరుగుతూనే ఉన్నాను. ఆ నవ్వుల్లో నా చప్పుడు నాకే వినపడలేదు.