మబ్బు పడితే అలిగే లెన్సు

నేను ఒక చవక టెలిఫోటో జూమ్ లెన్సును. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాక్కొచ్చి కెమెరాకు చూపించడం నా వృత్తి. ఎంత దూరం నుంచి, ఎంత శుభ్రంగా అని మాత్రం గుచ్చి గుచ్చి అడక్కండి. మా కులంలో గొప్పింటివాళ్లు వేరే ఉన్నారు. తెల్లటి ఒళ్లు, ఫిరంగి ఆకారం, మోయడానికి ప్రత్యేకంగా ఒక సంచి, నిలబెట్టడానికి మూడుకాళ్ల పీట. నాకు ఒళ్లంతా ప్లాస్టిక్కే. కెమెరాకు తగిలించే మెడ కూడా ప్లాస్టిక్కే. గట్టిగా తిప్పితే కిర్రుమంటాను. ముక్కు సాగదీస్తే జానెడు పొడుగవుతాను, చూసేవాళ్లు నవ్వుతారు.

థాయిలాండులో ఒక కర్మాగారంలో పుట్టాను. పుట్టగానే ఒక కెమెరాతోనూ, ఒక పొట్టి లెన్సుతోనూ కలిపి అట్టపెట్టెలో పెట్టారు. అంటే నన్ను ఎవరూ ఎంచుకోలేదు, కెమెరా కొన్నవాడికి నేను కొసరు. ఆ కొన్నవాడు విజయవాడలో ఒక బ్యాంకు ఆఫీసరు, చక్రధర్ గారు. మొదటి పున్నమికి డాబా ఎక్కి నాతో చంద్రుణ్ణి తీశాడు. నాలాంటి లెన్సు చేతికొచ్చిన ప్రతి మనిషీ మొదట చంద్రుడి మీదే పడతాడు, ఎందుకో తెలియదు. ఆయన చంద్రుడు తెల్లటి ఇడ్లీలా వచ్చాడు. ఆయన దాన్ని బంధువులందరికీ పంపాడు. బాగుందన్నారు. దాంతో ఆయన కళాతృష్ణ తీరిపోయింది. ఆ తర్వాత నేను బీరువాలో పట్టుచీరల కింద కలరా ఉండల వాసన పీల్చుకుంటూ బతికాను. చివరికి ఇల్లు సర్దుతూ నన్నూ, కెమెరానూ గవర్నరుపేటలో పాత కెమెరాలు అమ్మే జిలానీ గారి దుకాణానికి ఇచ్చేశారు.

అక్కడికే వచ్చింది వకుళాదేవి గారు. గుంటూరులో తెలుగు పంతులమ్మగా చేసి రిటైరయింది. పక్కన ఆమె భర్త పూర్ణచంద్రరావు గారు, కరెంటు ఆఫీసులో పనిచేసి ఆయనా రిటైరైన మనిషి, ఎండకు విసుక్కుంటూ.

"పిట్టల్ని తియ్యాలండీ. మంచిది చూపించండి, నేను మొయ్యగలిగింది," అందామె.

జిలానీ గారు మొదట ఫిరంగి తీసి చేతికిచ్చాడు. ఆమె దాన్ని ఎత్తింది, కంటిదాకా తెచ్చేసరికి చేతులు వణికాయి.

"ఇది ఫొటో తియ్యడానికా, మనిషిని కొట్టడానికా?" అన్నాడు భర్త.

తర్వాత నన్ను తీశాడు జిలానీ గారు. పాపం, అబద్ధం ఆడని మనిషి. "అమ్మా, ఇది ఎండలో బానే పనిచేస్తది. మబ్బు పడితే అలుగుద్ది. చివరిదాకా సాగదీస్తే బొమ్మ కాస్త మెత్తబడుద్ది. చెయ్యి కదిలిందా, అంతా అలికేసినట్టు వస్తది. పిట్టకు కొంచెం దగ్గరగా మీరే పోవాల."

అమ్మకానికి పెట్టిన వస్తువుకు అంతకంటే అవమానం ఏముంటుంది? ఆమె మాత్రం నన్ను కెమెరాకు తగిలించి, గుమ్మంలో నిలబడి వీధి అవతలకు చూసింది. అక్కడ ఒక మేడమీద పళ్ల డాక్టరు బోర్డు ఉంది. ముక్కు సాగదీసి, నెమ్మదిగా తిప్పింది. బోర్డు వచ్చి ఆమె కంట్లో కూర్చుంది.

"ఏవండీ, 'దంత వైధ్యశాల' అని రాశాడు చూడండి! ద కింద వత్తు పెట్టాడు!"

"పెడితే పెట్టాడులే. నీకెందుకు?"

"ఇంత దూరం నుంచి వత్తు కనపడింది. నాకిది చాలు."

అలా నన్ను జీవితంలో మొదటిసారి ఒక మనిషి ఎంచుకుంది. అదీ పక్షిని చూసి కాదు, అక్షరదోషాన్ని చూసి.

ఆమె ఎందుకు పిట్టల వెంట పడిందో ఇంటికెళ్లాక తెలిసింది. ఉద్యోగమంతా ఎర్ర పెన్ను పట్టుకుని ఇతరుల తప్పులు దిద్దింది. ఇక మిగిలిన కాలం దిద్దక్కర్లేనిదాన్ని దేన్నైనా చూస్తూ గడపాలని ఆశ. పిట్టలో దిద్దడానికి ఏమీ ఉండదు కదా. అందుకని ఊళ్లో ఉన్న 'విహంగ మిత్రమండలి'లో చేరింది.

ఈ మండలి గురించి చెప్పాలి. పేరులో విహంగం ఉంది గానీ, అక్కడ చర్చంతా లెన్సుల గురించే. సభ్యులందరూ ఆకుపచ్చ మచ్చల చొక్కాలు, మచ్చల టోపీలు, మచ్చల ప్యాంట్లు వేసుకుని, అడవిలో కలిసిపోయినట్టు భావిస్తూ తారురోడ్డు మీద నిలబడి టీ తాగుతారు. ఒకరి ఫిరంగిని ఒకరు ఓరగా కొలుచుకుంటారు. అధ్యక్షుడు డాక్టర్ ముకుందరావు గారు, చర్మవైద్యుడు. ఆయన ఫిరంగి అందరికంటే పొడుగు. అందుకే ఆయన అధ్యక్షుడని నా అనుమానం.

మొదటి రోజు ఆయన నన్ను రెండు వేళ్లతో ఎత్తి చూశాడు.

"మేడమ్, ఇది పుట్టినరోజు ఫంక్షన్లకు బాగుంటుంది."

అందరూ నవ్వారు. ఏటా మండలి వాళ్లు టౌన్‌హాల్లో ఒక ప్రదర్శన పెడతారు. తన ఫొటో ఒక్కటి ఆ గోడమీద చూడాలని వకుళ గారికి ఉండేది. తీసుకెళ్లిన ప్రతిసారీ డాక్టరు గారు కళ్లద్దాలు పైకి తోసి, "పిట్ట ఉందని మీరు చెప్తే నమ్ముతాం గానీ, చుక్కలా ఉంది మేడమ్," అనేవాడు. తప్పు ఆమెది కాదు, నాది. నాకు నోరుంటే ఆయనకు అక్కడే సమాధానం చెప్పేదాన్ని.

జనవరిలో ఒక ఆదివారం పొద్దున మండలి మొత్తం ఊరికి దూరంగా ఉన్న ఒక చెరువు దగ్గరికి వెళ్లింది. నీళ్లు సగం ఇంకిపోయి, అంచంతా పచ్చగా నాచు పట్టి ఉంది. గట్టుమీద వరసగా మూడుకాళ్ల పీటలు పాతేసి ఫిరంగులు ఎక్కుపెట్టారు. దూరంగా తామరాకుల మీద పొడుగు వేళ్ల తామరకోడి ఒకటి, నీళ్లమీద నడుస్తున్నట్టే, ఆకు మీంచి ఆకు మీదికి నడుస్తోంది. గట్టుమీంచి చూస్తే నాకది మళ్లీ చుక్కే. 'దగ్గరగా మీరే పోవాల' అన్న మాట పట్టుకుని వకుళ గారు చీర కుచ్చిళ్లు దోపి గట్టు దిగింది.

నాచు గట్టి నేలలా కనపడింది. నాలుగడుగులు బాగానే వేసింది. తర్వాత కుడికాలు మోకాలిదాకా దిగింది. దాన్ని లాగబోతే ఎడమది తొడదాకా పోయింది. చల్లటి బురద నా అంచును తాకగానే ఆమె నన్ను కెమెరాతో సహా నెత్తిమీదికి ఎత్తేసింది. మరి కాసేపటికి నడుము కూడా మునిగింది. తామరకోడి ఆకుల మీద నడుచుకుంటూ వచ్చి అయిదడుగుల దూరంలో ఆగి, ఈ కొత్త జంతువేమిటా అని తల పక్కకు తిప్పి చూసింది. దాన్ని తీద్దామంటే ఆమె చెయ్యి కదిలి, అంతా అలికేసినట్టు వచ్చింది.

"ఎవరన్నా రండి! దిగిపోతున్నాను!" అని అరిచి వెనక్కి తిరిగింది.

గట్టుమీద ఒక్కరూ కదల్లేదు. కాదు, కదిలారు. ఫిరంగులన్నీ ఒక్కసారిగా పక్షుల మీంచి ఆమె వైపు తిరిగాయి. టకటకటకా ఫొటోలు కొట్టేస్తున్నారు. మెడలు చాచి, ఒంటికన్ను మూసి, కొందరు ఒక కాలు ఎత్తి, మచ్చల చొక్కాల్లో వరసగా. మధ్యలో డాక్టరు గారు నోరు తెరుచుకుని.

ఆమెకు ఏడుపు రావాలి. ఆశ్చర్యం, నవ్వొచ్చింది. నవ్వుతోనే నన్ను కంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి, నొక్కింది. ఎండ వాళ్ల ముఖాలమీదే పడుతోంది. దూరం నాకు సరిగ్గా సరిపోయింది. నా జన్మలో అంత స్పష్టంగా నేను ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు కారులో పేపరు చదువుకుంటున్న పూర్ణచంద్రరావు గారు పరుగెత్తుకొచ్చాడు. చేతుల్లో కారులోని రబ్బరు పట్టాలు. వాటిని బురదమీద పరిచి, బోర్లా పడుకుని చెయ్యి చాపాడు.

"ముందు చెయ్యివ్వు!"

"ముందు కెమెరా అందుకోండి!"

"నీ కెమెరా తగలెయ్య, చెయ్యివ్వమంటే!"

"అందుకుంటేనే!"

ఆయన నన్ను లాక్కుని, చొక్కా విప్పి చుట్టి, తన వీపుమీద పెట్టుకున్నాడు. పెళ్లాన్ని రెండు చేతులా పట్టి లాగుతూ గట్టువైపు గావుకేక పెట్టాడు. "ఏవయ్యా, మా ఆవిణ్ణి పిట్టనుకున్నారా? దిగి రండయ్యా!"

అప్పుడు వచ్చారు. అందరూ పట్టి లాగితే ఆమె ఒక చెప్పు చెరువుకు వదిలి బయటపడింది.

సాయంత్రానికల్లా మండలి వాట్సాప్ గ్రూపులో డాక్టరు గారు తీసిన ఫొటో వచ్చింది. నడుందాకా బురద, నెత్తిమీద కెమెరా, చెదిరిన ముడి. కింద రాశాడు, 'అరుదైన వలస పక్షి'. నవ్వే బొమ్మలు వరదలా వచ్చాయి. వకుళ గారు ఫోను బోర్లా పెట్టి, లైటు తీసేసి పడుకుంది. తర్వాత చాలా రోజులు నన్ను ముట్టుకోలేదు. క్లాసులో తల ఎత్తి నిలబడ్డ మనిషి కూరగాయలకు కూడా భర్తనే పంపింది.

ఒక మధ్యాహ్నం ఏమీ తోచక పూర్ణచంద్రరావు గారు కెమెరా తీసి బొమ్మలు చూశాడు. గట్టుమీది వరస దగ్గర ఆగాడు. నవ్వి నవ్వి పొలమారింది.

"వకుళా! నువ్వు పిట్టల్ని తియ్యలేదని ఎవడే అన్నది? ఇక్కడ గుంపు గుంపే ఉంది!"

ఆమె వచ్చి చూసింది. మర్నాడు దాన్ని పెద్దగా ప్రింటు వేయించి ప్రదర్శనకు పంపింది.

ఆ సాయంత్రమే డాక్టరు గారు ఇంటికొచ్చాడు. కాఫీ కప్పు పట్టుకుని, తాగకుండా కూర్చున్నాడు.

"మేడమ్, ఇందులో పిట్ట లేదు కదా. మా పేషెంట్లు వస్తారు, చూస్తారు... నా నోరు చూడండి, ఎలా ఉందో."

"నా నడుం చూశారు కదండీ అందరూ," అంది వకుళ గారు.

ఆయన తల దించుకున్నాడు. "అది తప్పే. ముందు పరుగెత్తుకు రావాల్సింది."

ఆమె అవకాశం ఉన్నా దెప్పలేదు. "ఒక పని చేద్దాం డాక్టరు గారూ. మీరు తీసిన నా బొమ్మా, నేను తీసిన మీ బొమ్మా పక్కపక్కన పెడదాం. నవ్వేవాళ్లు ఇద్దర్నీ చూసి నవ్వుతారు. లేదా రెండూ వద్దు."

డాక్టరు గారు చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, "పెట్టండి," అన్నాడు.

టౌన్‌హాల్లో ఆ రెండు బొమ్మల ముందే జనం. లక్షల ఖరీదు చేసే ఫిరంగులు తీసిన గద్దలూ, గూడబాతులూ గోడలమీద ఒంటరిగా ఎగిరాయి. మండలి సభ్యులు ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చి, "అదిగో, కాలెత్తింది నేనే," అని గర్వంగా చూపించుకున్నారు. మనుషులు భలేవాళ్లు. వెక్కిరింపు తమ ఒక్కరిమీదే అయితే చస్తారు, అందరిమీదా అయితే ఫ్రేము కట్టించమంటారు.

నా సంగతి చెప్పనేలేదు. ఆ రోజు తడి నా కడుపులోకి వెళ్లింది. వానాకాలం వచ్చేసరికి లోపలి అద్దం మీద సాలెగూడులా బూజు పాకింది. జిలానీ గారు దీపానికి అడ్డం పెట్టి చూసి, విప్పి బాగుచేయడం కన్నా ఇంకోటి కొనడమే మేలన్నాడు. వకుళ గారు కొన్నది. నాకంటే కాస్త మెరుగైంది, ఇనుప మెడది. ఈసారి ఎంచుకోవడానికి డాక్టరు గారు కూడా వెంట వెళ్లాడట.

నేను ఇప్పుడు వరండాలో పూర్ణచంద్రరావు గారి పేపర్లు ఎగరకుండా బరువుగా పనిచేస్తున్నాను. మొన్న ఆయన మాత్ర అట్టమీద సన్నక్షరాలు చదవలేక, విసుగొచ్చి నన్నెత్తి, ముందువైపు నుంచి నాలోకి చూశాడు. అక్షరాలు ఉబ్బి కనపడ్డాయి. అంతలో ఆ అట్టమీదికి ఒక చీమ ఎక్కింది. ఆయన మాత్ర వేసుకోవడం మరిచిపోయాడు. నన్ను పట్టుకుని, చీమ ఎటు పోతే అటు, టేబులు మీంచి నేలమీదికి, నేలమీంచి గడపమీదికి, మోకాళ్లమీద పాకుతూ వెళ్లాడు.

"వకుళా! పొయ్యి ఆపేసి రావే! దీనికి మీసాలున్నాయి, దువ్వుకుంటోంది!"