ఏడో తెర

కళ్ళద్దాల ఆయన ఇంట్లో రోజూ పొద్దున్న ఆరున్నరకి తెరల గొడవ మొదలయ్యేది. ఆ ఇంటికి ఏడు కిటికీలు, ఏడింటికీ మోటారు తెరలు, వాటికి ఏడు రిమోట్లు. ఏడూ అన్నదమ్ముల్లా ఒకేలా ఉండేవి, అన్నదమ్ముల్లాగే ఒకదాని పని ఇంకొకటి చేసేది కాదు. ఆయన వంటింటి తెర లేపుదామని నొక్కితే స్నానాల గదిది లేచేది. ఒకసారి వాళ్ళావిడ లోపల ఉండగానే లేచింది. ఎదురింటి రిటైరైన గుమాస్తా తనేమీ చూడలేదని, ఎవరూ అడక్కుండానే, మూడు రోజులపాటు అందరికీ చెప్పుకున్నాడు.

తప్పు రిమోట్లది కాదు. నలభై ఏళ్ళు కళ్ళద్దాల షాపులో ఊరందరి చూపూ సరిచేసిన మనిషికి తన చూపు పోతోంది. వానలు వెళ్ళేదాకా ఉండొచ్చని చెప్పాడు డాక్టరు, అద్దెకున్నవాళ్ళ గురించి చెప్పినట్టు. అందుకని తెరలన్నిటినీ, కింద గ్యారేజీ షట్టర్నీ ఒక్క ఫోనుకి కలిపించుకుందామనుకున్నారు. అప్పుడు వెతుక్కోనక్కర్లేదు. నోటితో చెబితే చాలు, లేస్తాయి, దిగుతాయి.

ఆ వీధిలో తెరలు వెలుగుని దాచుకుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళకి కూడా రెండు రోజుల్లో అలవాటైపోతుంది. తెర దించుతున్నప్పుడు పడే ఎండ, ఆ ఎండకి అడ్డొచ్చిన నీడ, రెండూ తెర వెనకే ఉండిపోతాయి. మళ్ళీ ఎత్తినప్పుడు, దించడానికి ఎంతసేపు పట్టిందో అంతసేపు, ఆ పాత ఎండే ముందు లోపలికి వస్తుంది. తరవాతే ఇవాళ్టిది. ఒక్కసారి వచ్చిందంటే అయిపోయినట్టే. రోజూ తీసి మూసే కిటికీలోంచి నిన్నటి సాయంత్రం వచ్చి పోతుంది, దాన్నెవరూ పట్టించుకోరు. దాచుకునేవాళ్ళు దాచుకుంటారు. గుమాస్తా తన తలమీద జుట్టున్నప్పటి మధ్యాహ్నం ఒకటి దాచుకున్నాడు. దర్జీ ఆవిడ పెళ్ళినాటి పొద్దుని ఇరవై ఏళ్ళు దాచి, చివరికి మంచం కింద పడ్డ సూది వెతకడానికి వాడేసింది. సూది దొరికింది. మొగుడే ఇంకా మాట్లాడ్డం లేదు.

కళ్ళద్దాల ఆయన ఇంట్లో అలాంటి తెర ఒక్కటే, మేడమీద పాప గదిది. పాపకి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఓ మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని, తలనొప్పిగా ఉంది, వెలుగు చూడలేకపోతున్నానంటే వాళ్ళమ్మే తెర దించింది. సాయంత్రానికి ఆస్పత్రిలో చేర్చారు. నాలుగో రోజుకి పాప లేదు. పదకొండేళ్ళయింది, ఆ తెర లేవలేదు. దాని రిమోట్ ఒక్కటీ ఆవిడ బీరువాలో దాచేసింది. దాని వెనక పద్నాలుగు సెకన్ల ఎండ ఉంది, ఆ ఎండలో పాప నీడ ఉంది.

చూపుండగా ఒక్కసారి చూస్తానని ఆయన ఒక్కసారే అడిగాడు. చూస్తే అయిపోతుంది, అయిపోయాక నాకేం మిగుల్తుందని ఆవిడ ఒక్కసారే జవాబు చెప్పింది. ఆ తరవాత ఇద్దరూ ఉప్పు గురించి, కరెంటు బిల్లు గురించి మాత్రమే మాట్లాడుకున్నారు. రోజులు మాత్రం గడుస్తున్నాయి. ఆయనకి మొదట పేపరు పోయింది, తరవాత గోడమీది గడియారం పోయింది, తరవాత మనుషుల మొహాలు పోయాయి.

మబ్బుపట్టిన ఓ పొద్దున్న మోటార్లావిడ వచ్చింది. మూడు వీధుల్లో తలుపులూ తెరలూ ఆవిడ మాట వింటాయి, వాళ్ళాయన తప్ప. మెట్ల కింద ఒక చిన్న పెట్టె బిగించి, ఒక్కొక్క తెర దగ్గరికీ వెళ్ళి పని మొదలుపెట్టింది. పెట్టెకి కలపాలంటే ముందు ప్రతి మోటారుకీ పైన ఎక్కడ ఆగాలో కింద ఎక్కడ ఆగాలో నేర్పాలి, నేర్పాలంటే తెరని ఒకసారి పూర్తిగా ఎత్తి దించాలి. ఆ మాట చెవిన పడగానే ఇంటావిడ ఒక స్టూలు తీసుకుని మేడెక్కేసింది. పాప గది తెర కింద స్టూలు వేసుకుని, రిమోట్ గుప్పిట్లో పెట్టుకుని, గేటు దగ్గర కాపలావాడిలా కూర్చుంది. వెళ్ళేముందు మోటార్లావిడకి మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి మెట్లమీంచి చెప్పింది.

ఆరు తెరలూ అయ్యాయి. మిగిలింది గ్యారేజీ షట్టరు.

గ్యారేజీలో కారు లేదు. పాప పోయిన నెలకే అమ్మేశారు. షట్టరు రిమోట్ కారులోనే ఉండిపోయి దానితోపాటే వెళ్ళిపోయింది. అప్పట్నించీ షట్టరు తీసే పనే పడలేదు. పాత సామాను పడెయ్యడానికి ఇంట్లోంచే ఒక తలుపుంది. ఆయన టార్చి పట్టుకుని సాయం నిలబడ్డాడు. టార్చి వెలుగు మోటారు మీద తప్ప అన్నిటిమీదా పడుతోంది. మోటార్లావిడ నిచ్చెనెక్కి, మోటారు మూత విప్పి, పెట్టెకి వెళ్ళాల్సిన రెండు తీగలు బయటికి లాగింది. మోటారు బతికుందో లేదో చూద్దామని వాటి కొసలు ఒకదానికొకటి తాకించింది. ఆ పనిచేసేవాళ్ళందరూ అలాగే చేస్తారు.

షట్టరు లేచింది.

పదకొండేళ్ళూ అందరూ పైతెరకే కాపలా కాశారు. ఆ రోజు మధ్యాహ్నమే, భోంచేసి షాపుకి వెళ్తూ, ఆయన కారులోంచి ఈ షట్టరు దించాడన్న సంగతి ఆయనకే గుర్తులేదు. షాపునించి నేరుగా ఆస్పత్రికి వెళ్ళాడు. ఆ తరవాత అమ్మేదాకా కారు వీధిలోనే ఉండిపోయింది. షట్టరు మళ్ళీ తీసిందెప్పుడు గనక.

బయట మబ్బు. లోపలికి మాత్రం నిప్పులాంటి ఎండ వచ్చింది. ఆ ఎండలో, నూనె మరకల నేలమీద, సైకిలు పట్టుకుని నిలబడ్డ పిల్ల నీడ పడింది. ఒక చెయ్యి హేండిల్ మీదుంది. రెండో చెయ్యి ఎత్తి ఊపుతోంది.

ఆయన చేతిలో టార్చి కిందపడింది. అది ఆయన కళ్ళు బాగున్నప్పటి ఎండ, అందుకని అందులో ఆయనకి అన్నీ కనిపించాయి. సైకిలు బెల్లు, గోడమీది సాలెగూడు, నిచ్చెనమీద మనిషి, అన్నీ. షట్టరు పూర్తిగా పైకి వెళ్ళింది, ఎండ తగ్గింది, నేలమీద బూడిదరంగు మిగిలింది.

"నీ గడ్డంమీద పుట్టుమచ్చ ఉందమ్మా," అన్నాడు ఆయన.

"ఉందండీ బాబాయిగారూ," అంది మోటార్లావిడ. ఆవిడ అప్పటికే నిచ్చెనమీద ఏడుస్తోంది.

షట్టరు చప్పుడు వినగానే మేడమీదున్న ఇంటావిడకి ఆ మధ్యాహ్నం సంగతి గుర్తొచ్చింది. పదహారు మెట్లు, ఆ మోకాళ్ళు, చేతిలో రిమోట్. వచ్చేసరికి ఏమీ లేదు. వంగి నేలమీద చెయ్యి పెట్టి చూసింది. ఇంకా వెచ్చగా ఉంది.

"నేనొక్కణ్ణే చూశాను," అన్నాడు ఆయన, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"ఎలా ఉంది?"

"టాటా చెబుతోంది. ఒక జడ ఊడిపోయింది."

ఆవిడ చాలాసేపు నేలమీంచి చెయ్యి తియ్యలేదు.

"నేనే వేశాను ఆ జడ," అంది. "పాలు పొంగుతున్నాయని సరిగ్గా బిగించలేదు."

ఆయన తడుముకుంటూ వచ్చి ఆవిడ పక్కన చతికిలబడ్డాడు. "నా వంతు అయిపోయింది. పైది నీది. ఇంకెప్పుడూ అడగను."

మోటార్లావిడ సామాను సర్దుకుంటుంటే ఇంటావిడే పిలిచి, ఏడోది కూడా కలపమంది. పైహద్దూ కిందిహద్దూ తరవాత అదే నేర్చుకుంటుందిలే, ఇప్పుడు మాత్రం కదిలించొద్దంది. ఇంకో షరతు కూడా పెట్టింది.

"ఆయన గొంతుకే పలకాలి. నా గొంతుకి పలక్కూడదు."

"ఎందుకు పిన్నిగారూ?"

"నేనైతే ఎప్పటికీ చెప్పను గనక."

వానలు వెళ్ళకముందే ఆయన చూపు వెళ్ళిపోయింది. అద్దెకున్నవాళ్ళు చెప్పాపెట్టకుండా పోయినట్టే పోయింది. పొద్దున్న ఆరున్నరకి ఆయన మంచంమీంచే ఒక్కొక్క తెర పేరూ పిలిచేవాడు. వంటిల్లు, హాలు, స్నానాల గది. స్నానాల గదికి ముందు దగ్గేవాడు. ఆరు లేచాక ఆగిపోయేవాడు. ఆయన నోట ఏడో పేరు వస్తుందేమోనని ఆవిడ స్టౌ దగ్గర గరిటె ఆపి వినేది. వచ్చేది కాదు. అడగనన్నాడు, అడగలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్న మగవాడు వీధిలో ఈయనొక్కడేనని దర్జీ ఆవిడ అనేది, వాళ్ళాయనకి వినపడేట్టు.

చలికాలం మొదట్లో ఓ మధ్యాహ్నం ఆవిడ చేతులు తుడుచుకుని, ఆయన చెయ్యి పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ లెక్కపెడుతూ మేడమీదికి తీసుకెళ్ళింది. పాప మంచంమీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

"చెప్పండి," అంది.

"అది నీదన్నాను కదా."

"ఆ ఎండలో మీక్కూడా కనిపిస్తుంది. పద్నాలుగు సెకన్లు. గోడకేసి చూడండి, నీడ అక్కడే పడుతుంది. అటూ ఇటూ చూసి పోగొట్టుకోకండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. అంతకుముందెప్పుడూ ఆ పెట్టెకి చెప్పని మాట కాబట్టి చెప్పడానికి కొంచెంసేపు పట్టింది.

"పాప గది. తెరువు."

తెర కదిలింది. పదకొండేళ్ళ కిందటి ఎండ మంచంమీదుగా వెళ్ళి గోడని తాకింది. గోడమీద పాప నీడ కూర్చునుంది, మోకాళ్ళమీద గడ్డం ఆనించుకుని, ఊడిన జడ ముందుకు వేసుకుని. తలనొప్పితో ఒకసారి కణత రుద్దుకుంది. ఆవిడ కళ్ళార్పకుండా చూసింది. ఒకటి, రెండు, మూడు. పద్నాలుగు వరకూ చూసింది. గోడ మామూలు గోడ అయిపోయాక కూడా ఇంకాసేపు చూసింది.

అప్పుడు అడిగింది, కనిపించిందా అని.

ఆయన మొహం గోడకేసి లేదు. మొదట్నించీ ఆవిడకేసే ఉంది. చెయ్యెత్తి, తడుముకోకుండా, ఆవిడ చెవి పక్కన వెంట్రుకలు తాకాడు.

"జుట్టంతా ఎప్పుడు నెరిసింది నీకు?" అన్నాడు. "నాకు చెప్పనే లేదు."

మర్నాడు ఆరున్నరకి ఏడు తెరలూ లేచాయి.