తీసేసిన వరుస

భవానీపూర్ ఆఫీసులో పని ముగించి లేవబోతుంటే జ్యోతిరాణికి ఫోన్ వచ్చింది. ఏక్‌బాల్‌పూర్‌లో వాళ్ళ పక్కింటి అప్పలకొండమ్మ. తెలుగువాళ్ళ వనభోజనాలకు కుటుంబాల పేర్లు నమోదు చేసే వెబ్‌సైటు జ్యోతిరాణి చేసిందే.

"కోడలు పుట్టింటికెళ్ళిపోనాది గదా, దాని వరస తీసీసినాను. కిందున్న పిల్లల పేర్లూ పోనాయి. ఏటమ్మా ఇది?"

జ్యోతిరాణి నీరసంగా కూర్చుని కోడు తెరిచింది. మనిషిని చేర్చినప్పుడల్లా ఫారంలో పేరు-1, పేరు-2 అంటూ కొత్త గడి పుడుతుంది. తను రాసిన కోడు వరుసగా లెక్కపెడుతూ పోయి, కోడలిదైన మూడో గడి కనబడకపోయేసరికి అక్కడే ఆగిపోయింది. నాలుగు, ఐదు ఉన్నాయేమోనని చూడనే లేదు. ఆ లెక్క మాన్పించి, "పేరు"తో మొదలయ్యే గడులు ఎన్ని వస్తే అన్నీ తీసుకునేలా మార్చింది.

"బాగుచేసీసాను పిన్నీ. మళ్ళా నింపు."

"మొదట్నించా? నాకు కళ్ళు ఆనవు తల్లీ."

"అయితే చెప్పు, నేనే కొడతాను."

అప్పలకొండమ్మ తన పేరు, కొడుకు మల్లేశు పేరు, మనవల పేర్లు చెప్పి, ఆఖర్న అంది.

"కోడలి పేరు కూడా రాసీ. భోజనాలకైనా వస్తాదేమో."

జ్యోతిరాణి ఇంకో గడి చేర్చి, లలిత అని కొట్టి పంపింది. ఈసారి అందరి పేర్లూ వచ్చాయి.